ద్వేషం తగ్గినా జాతి అసమానత ఎందుకు తగ్గడం లేదు? ఏ సిద్ధాంతం ఎక్కడ పనికొస్తుంది?

మీరు అడిగింది ఇదీ: ఎం.ఏ. సోషియాలజీ రెండో ఏడు చదువుతున్నారు. దురభిప్రాయం, వివక్ష, జాతి అసమానత మీద సిలబస్‌లో పదికి పైగా సిద్ధాంతాలున్నాయి, అందులో ఏది సరైనదో తేలడం లేదు. అమెరికాలో తెల్లవాళ్ల అభిప్రాయాలు బాగా మారాయని సర్వేలు చెబుతుంటే ఆస్తుల్లో, ఉద్యోగాల్లో తేడా అలాగే ఎందుకుంది? డిసర్టేషన్‌కి హైదరాబాద్‌లో అద్దె ఇళ్ల మీద ఒక చిన్న ప్రయోగం చేద్దామనుకుంటున్నారు, దేన్ని ఆధారం చేసుకోవాలి?

సూటిగా చెప్పాలంటే, ఆ సిద్ధాంతాలన్నీ ఒకే ప్రశ్నకి జవాబులు కావు. కొన్ని మనిషి మనసులో ఏముందో చెబుతాయి. కొన్ని గుమ్మం దగ్గర మనిషి ఏం చేస్తాడో చెబుతాయి. మిగతావి, మూడు తరాల పాటు ఆ గుమ్మాలు మూసి ఉంటే ఎవరి దగ్గర ఎంత మిగిలిందో లెక్క చెబుతాయి. ద్వేషం తగ్గినా అసమానత నిలవడానికి కారణం మూడో రకంలో ఎక్కువగా, రెండో రకంలో కొంత దొరుకుతుంది. మొదటి రకంలో వెతికితే దొరకదు. మీ ప్రయోగం రెండో రకానికి చెందుతుంది. దాన్ని చూపించి మొదటిదాని గురించి గానీ మూడోదాని గురించి గానీ తీర్పు చెప్పకండి. ఈ సబ్జెక్టులో డిసర్టేషన్లు దెబ్బతినేది ఎక్కువగా ఇక్కడే.

ముందు మనసుకీ చేతకీ మధ్య ఉన్న ఎడం చూద్దాం. కులాంతర వివాహం గురించి మన దగ్గర అడిగినట్టే, నల్లజాతి-తెల్లజాతి పెళ్లిళ్లు మీకు సమ్మతమేనా అని గ్యాలప్ సంస్థ దశాబ్దాలుగా అడుగుతోంది. 1958లో సమ్మతమన్నవాళ్లు 4 శాతం, 2021లో 94 శాతం. ఈ ఒక్క అంకె చూసి అమెరికా మారిపోయిందనేవాళ్లున్నారు, జనం సర్వేలో అబద్ధం చెబుతున్నారనేవాళ్లూ ఉన్నారు. రెండూ తొందరపాటే. చెప్పేదీ చేసేదీ వేరువేరు సంగతులని 1934లోనే లాపియర్ అనే తెల్ల సోషియాలజీ ప్రొఫెసర్ చూపించాడు. ఒక చైనా దంపతులతో కలిసి అమెరికా అంతా కారులో తిరిగాడు. హోటళ్లు, రెస్టారెంట్లు కలిపి 251 చోట్లకి వెళ్తే కాదన్నది ఒక్క చోటే. ఆర్నెల్ల తర్వాత ఆ చోట్లకే ఉత్తరాలు రాశాడు, చైనావాళ్లని రానిస్తారా అని. జవాబిచ్చిన 128 మందిలో 90 శాతం పైగా రానివ్వమన్నారు.

పరీక్షలో చాలామంది ఇంతవరకే రాసి ఆపేస్తారు. మార్కులు మిగతా సగంలో ఉంటాయి. ఉత్తరానికి జవాబు రాసినవాడు, ఆ రోజు కౌంటర్‌లో కూర్చున్నవాడు ఒకరే కాకపోవచ్చు. వచ్చిన దంపతులు మంచి బట్టలు కట్టుకుని, చక్కటి ఇంగ్లిష్ మాట్లాడుతూ, పక్కన తెల్ల ప్రొఫెసర్‌తో వచ్చారు. ఉత్తరంలో మాత్రం 'చైనా జాతివాళ్లు' అనే ముఖం లేని మాట ఉంది. అంటే ఆ ప్రయోగం రెండు వేరు వేరు ప్రశ్నలు అడిగి, జవాబులు కలవలేదని చూపించింది. దానిలోని లోపం ఇదే, విలువా ఇదే. ఇంకో సంగతి, ఇక్కడ మాట చెడ్డది, చేత మంచిది. ఇవాళ సమస్య తిరగబడింది.

ఈ ఎడాన్ని మెర్టన్ 1949లో నాలుగు గళ్లలో పెట్టాడు. దురభిప్రాయం లేదు, వివక్ష చూపడు. దురభిప్రాయం లేదు కానీ వివక్ష చూపుతాడు. దురభిప్రాయం ఉంది కానీ చూపడు. ఉంది, చూపుతాడు. మొదటిదీ చివరిదీ అందరికీ తెలిసినవే, అసలు సరుకు మధ్య రెండు గళ్లలో ఉంది. 'నాకేం పట్టింపు లేదండీ, పై వాటాలో వాళ్లు ఒప్పుకోరు' అనే ఇంటి ఓనరు రెండో గడి. లోపల ఎంత కక్ష ఉన్నా కేసు పడుతుందని నోరు మూసుకునే మేనేజరు మూడో గడి. మూడో గడివాడిని చట్టం మార్చగలదు, అతని మనసు మారక్కర్లేదు. రెండో గడివాడికి ఉపన్యాసం ఇచ్చి లాభం లేదు, ఎందుకంటే అతనిలో మార్చాల్సిన ద్వేషమే లేదు. పక్కవాడు ఊరుకుంటాడన్న భరోసా కావాలి అతనికి. 'అవగాహన కల్పించాలి' అని ముగిసే డిసర్టేషన్ ముగింపులన్నీ ఈ గడిని మరిచిపోయి రాసినవే.

మనసు సిద్ధాంతాలు ఎంతవరకు? అడోర్నో బృందం 1950లో నిరంకుశ వ్యక్తిత్వం అన్నది. కఠినమైన పెంపకంలో, పెద్దల మాటకి ఎదురుచెప్పలేని ఇంట్లో పెరిగినవాడు ఆ కోపాన్ని బలహీనుల మీద చూపుతాడని వాదన. అంతకుముందు 1939లో డాలర్డ్ బృందం ఆశాభంగం నుంచి దూకుడు పుడుతుందని చెప్పింది. అత్త మీద కోపం దుత్త మీద అన్న సామెత ఆ సిద్ధాంతానికి సరిపోతుంది. 2017 ఫిబ్రవరిలో కాన్సాస్ రాష్ట్రం ఒలాతేలో ఒక బార్‌లో తెలుగు ఇంజనీరుని 'నా దేశం వదిలి పో' అంటూ కాల్చి చంపిన ఘటన లాంటివాటికి ఈ రకం వివరణలు కొంత పనికొస్తాయి. కానీ ఒక ఊళ్లో బ్యాంకులన్నీ ఒకే పేటకి అప్పు ఇవ్వకపోవడాన్ని ఇవి వివరించలేవు. బ్యాంకు మేనేజర్లందరినీ నాన్నలు ఒకేలా కొట్టి పెంచి ఉండరు కదా.

ఆల్‌పోర్ట్ 1954లో చెప్పిన సంపర్క సిద్ధాంతం ఈ కోవలో అన్నిటికంటే గట్టిది, అన్నిటికంటే తప్పుగా వాడేదీ అదే. కలిసి ఉంటే చాలు ద్వేషం పోతుందని ఆయన అనలేదు, నాలుగు షరతులు పెట్టాడు: ఆ సందర్భంలో ఇద్దరిదీ సమాన హోదా అయి ఉండాలి, ఇద్దరికీ ఒకే లక్ష్యం ఉండాలి, పోటీ కాక సహకారం ఉండాలి, పైనున్న సంస్థ దీన్ని సమర్థించాలి. 2006లో పెటిగ్రూ, ట్రాప్ 515 అధ్యయనాలు కలిపి చూస్తే సంపర్కం వల్ల దురభిప్రాయం సగటున తగ్గుతుందని తేలింది (సహసంబంధం మైనస్ 0.21, అంటే ఉంది కానీ మరీ పెద్దది కాదు). ఇక షరతులు తీసేస్తే ఏమవుతుందో మన ఊళ్లకి తెలుసు. కూలివాళ్లూ రైతూ తెల్లారి లేస్తే ఒకే పొలంలో ఉంటారు, టీ కొట్టు దగ్గర మాత్రం రెండు గ్లాసుల పద్ధతి. సంపర్కానికి అక్కడ కొదవేం లేదు, సమాన హోదాయే లేదు. అమెరికా దక్షిణాదిలో నల్లజాతి ఆయా చేతుల మీద పెరిగిన తెల్లపిల్లల సంగతీ అంతే.

గుంపు సిద్ధాంతాల్లో నా ఓటు బ్లూమర్‌కే. హెర్బర్ట్ బ్లూమర్ 1958లో రాసింది చిన్న వ్యాసం. దురభిప్రాయాన్ని ఒక మనిషి భావనగా కాక, మన గుంపు ఫలానా మెట్టు మీద ఉండాలన్న స్పృహగా చూడాలన్నాడు. అందులో నాలుగు భావాలుంటాయి: మేము మెరుగు; వాళ్ల పుట్టుకే వేరు; ఫలానా ఉద్యోగాలు, పేటలు, బళ్లు మాకు చెందినవి; వాటి మీద వాళ్ల కన్ను పడింది. మొదటి మూడూ ఉన్నంత మాత్రాన గొడవ లేవదు. నాలుగోది పుట్టినప్పుడే లేస్తుంది. అందుకే కింది గుంపు మరీ దీనంగా ఉన్నప్పటికంటే, కాస్త చదువుకుని పైమెట్టు ఎక్కబోయినప్పుడు దాడులు ఎక్కువవుతాయి. ద్వేషాన్ని సర్వేలో కొలిచేవాళ్లు మొదటి రెండు భావాల్నే అడుగుతారు. 94 శాతం అక్కడి నుంచి వచ్చిందే. 'మీ పిల్లల బడిలో సీట్లు వాళ్లకి కేటాయిస్తే?' అని అడిగితే మూడో భావం, నాలుగో భావం బయటికొస్తాయి.

డబ్బు వైపు నుంచి చూసినది ఎడ్నా బొనాసిచ్, 1972లో. ఆమెది చీలిన శ్రామిక మార్కెట్ సిద్ధాంతం. ఇందులో ముగ్గురుంటారు: యజమాని, ఎక్కువ కూలి తీసుకునే కార్మికుడు, అదే పని తక్కువకి చేసే కార్మికుడు. యజమానికి ఎవడైనా ఒకటే, చవకగా దొరికితే చాలు. జాతి పేరు చెప్పి అడ్డుపడేది ఎక్కువ కూలి తీసుకునేవాడు. అతనికి రెండు దార్లున్నాయి: చవక కార్మికుణ్ణి దేశంలోకే రానివ్వకపోవడం, లేదా వస్తే మంచి పనుల దరిదాపులకి రాకుండా కట్టడి చేయడం. మొదటిదానికి 1882 నాటి చైనీయుల నిషేధ చట్టం ఉదాహరణ. మనవాళ్లకి సంబంధించిన ఉదాహరణ 1907 సెప్టెంబర్ 4న వాషింగ్టన్ రాష్ట్రం బెల్లింగ్‌హామ్‌లో జరిగింది. అక్కడి కలప మిల్లుల్లో పనిచేస్తున్న పంజాబీల మీద తెల్ల కార్మికులు గుంపుగా విరుచుకుపడి ఊరు దాటించారు. మిల్లు యజమానులు కాదు, సాటి కార్మికులే ఆ పని చేశారు.

ఈ సిద్ధాంతానికి ఉన్న చిల్లు, కూలి గిట్టుబాటు లెక్కకి అందని ప్రవర్తనని వివరించలేకపోవడం. దక్షిణాదిలో నల్ల, తెల్ల కూలీలు కలిసి ఉంటే ఇద్దరి కూలీ పెరిగేది. కలవలేదు. 1935లో డు బోయిస్ దానికి జవాబిచ్చాడు: తెల్ల కూలీకి చేతికొచ్చేది తక్కువైనా, పైన గౌరవం రూపంలో ఇంకో కూలి అందుతోంది. పార్కుల్లోకి ప్రవేశం, పోలీసు ఉద్యోగం, నల్లవాడు పక్కకి తప్పుకుని ఇచ్చే దారి, ఇవన్నీ ఆ కూలిలో భాగమే. కులం గురించి చదివిన తెలుగు విద్యార్థికి ఇది పట్టుబడడానికి అర నిమిషం చాలు.

అసలు జాతి అనే గీత ఎక్కడ గీస్తారన్నది కూడా మారుతుంటుందని ఓమి, వినాంట్ 1986లో సిద్ధాంతీకరించారు. దానికి నాకు తెలిసిన మంచి ఉదాహరణ కోర్టు తీర్పులే. 1922లో జపానీయుడు ఒజావా పౌరసత్వం అడిగితే అమెరికా సుప్రీంకోర్టు, 'తెల్లవాడు' అంటే కకేసియన్ జాతివాడు అని చెప్పి కాదంది. మూడు నెలలకే, 1923 ఫిబ్రవరిలో, పంజాబ్‌కి చెందిన భగత్ సింగ్ థింద్ కేసు వచ్చింది. అప్పటి జాతిశాస్త్రం లెక్కలో భారతీయులు కకేసియన్లే, పైగా తాను అగ్రకుల ఆర్యుణ్ణని థింద్ వాదన. ఈసారి అదే కోర్టు, అదే జడ్జి సదర్లాండ్ కలంతో, శాస్త్రంతో పని లేదు, మామూలు తెల్లమనిషి ఎవరిని తెల్లవాడనుకుంటాడో వాడే తెల్లవాడు అని తేల్చింది. భారతీయులకి ఆ తలుపు మళ్లీ తెరుచుకున్నది 1946లో. 1965 వలస చట్టం తర్వాత చదువు, వృత్తి చూసి ఏరి రానిచ్చిన మనవాళ్ల జీతాలు చూపించి 'చూశారా, అమెరికాలో జాతి అడ్డు కాదు' అనే వాదన అందుకే నిలవదు. వీసా గుమ్మం దగ్గరే వడపోత అయిపోయింది.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఎవరికీ ద్వేషం లేకపోయినా పనిచేసే యంత్రాంగం. సంస్థాగత జాత్యహంకారం అన్న మాటని 1967లో కార్మైకేల్, హామిల్టన్ వాడుకలోకి తెచ్చారు. అది వట్టి నినాదం కాకుండా ఎలా రుజువు చేయాలో చూడాలంటే 1971 నాటి గ్రిగ్స్ కేసు చదవండి. నార్త్ కరోలినాలో డ్యూక్ పవర్ కంపెనీ విద్యుత్ కేంద్రం. నల్లజాతివాళ్లని కూలి విభాగంలో తప్ప ఎక్కడా తీసుకునేవాళ్లు కాదు. ఆ విభాగంలో అత్యధిక జీతం మిగతా విభాగాల్లో అత్యల్ప జీతం కంటే తక్కువ. 1965 జులై 2న ఉద్యోగాల్లో వివక్షని నిషేధించే చట్టం అమల్లోకి వచ్చింది. సరిగ్గా అదే రోజు కంపెనీ, మిగతా విభాగాల్లో చేరాలంటే హైస్కూల్ సర్టిఫికెట్‌తో పాటు రెండు రాతపరీక్షల్లోనూ నెగ్గాలని రూల్ పెట్టింది. రూల్‌లో జాతి ఊసే లేదు. కానీ 1960 జనగణన ప్రకారం ఆ రాష్ట్రంలో హైస్కూల్ పూర్తిచేసిన తెల్ల మగవాళ్లు 34 శాతం, నల్ల మగవాళ్లు 12 శాతం. ఆ సర్టిఫికెట్ లేకుండా ముందే చేరిన తెల్ల ఉద్యోగులు పని బాగానే చేస్తున్నారు, అంటే పనికీ ఆ అర్హతకీ సంబంధం లేదు. ఉద్దేశం ఏదైనా కానివ్వండి, పనితో సంబంధం లేని రూల్ వల్ల ఒక గుంపు నష్టపోతుంటే అది చెల్లదని అమెరికా సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా చెప్పింది.

ఇందులోని పద్ధతి మీకు పనికొస్తుంది. ఒక రూల్‌ని అనుమానించినప్పుడు మూడు అడగండి: రూల్ ఏ గుంపులో ఎంతమందిని తీసేస్తోంది? ఆ రూల్‌కీ పనికీ లంకె ఉందా? రూల్ రాకముందు చేరినవాళ్లు ఎలా పనిచేస్తున్నారు? మూడోది దొరికితే కేసు గట్టిది. చాలామంది మొదటి అంకె దగ్గరే ఆగిపోతారు.

ఇక ఇళ్లు. 1934లో ఏర్పడిన ఫెడరల్ గృహనిర్మాణ సంస్థ బ్యాంకు అప్పులకి ప్రభుత్వ హామీ ఇచ్చింది. ఆ హామీ వల్లే మామూలు ఉద్యోగి దీర్ఘకాలిక వాయిదాల మీద ఇల్లు కొనగలిగాడు. నల్లజాతివాళ్లున్న పేటలకి మాత్రం హామీ రాలేదు. ఎర్ర రంగు పూసిన పటాలు మీరు చూసే ఉంటారు. వాటిని గీసింది 1933లో పెట్టిన వేరే సంస్థ, ఇంటి యజమానుల రుణ సంస్థ. పేటల్ని ఆకుపచ్చ, నీలం, పసుపు, ఎరుపు అని నాలుగు రకాలు చేసింది, ఎరుపంటే అక్కడ అప్పివ్వడం అన్నిటికంటే ప్రమాదమని. ఇక్కడ ఒక జాగ్రత్త: ఆ పటాలే అన్నిటికీ మూలమని రాయకండి. ఆ సంస్థ నల్లజాతి యజమానులకీ అప్పులిచ్చిందని, అసలు తలుపు మూసింది గృహనిర్మాణ సంస్థ హామీ నిబంధనలేనని తర్వాతి చరిత్రకారులు చూపించారు. పటం ఫొటో బాగుంటుంది కాబట్టి అందరూ దాన్నే పెడతారు. 1935 సామాజిక భద్రతా చట్టం మొదట్లో వ్యవసాయ కూలీలని, ఇళ్లలో పనిచేసేవాళ్లని వదిలేసింది. దక్షిణాదిలో నల్లజాతివాళ్లు ఎక్కువమంది చేసేది ఆ రెండు పనులే. ఇళ్ల విషయంలో వివక్షని నిషేధించే చట్టం 1968లో గానీ రాలేదు. అప్పటికి తెల్లవాళ్లలో ఒక తరం ఇళ్లు కొనుక్కుని, రేట్లు పెరిగి, పిల్లల కాలేజీ ఫీజులకి వాటిని తాకట్టు పెట్టుకునే దశకి వచ్చేసింది.

దీని ఫలితం ఇవాళ్టి అంకెల్లో చూడొచ్చు. నల్లజాతి కుటుంబ మధ్యస్థ ఆదాయం తెల్ల కుటుంబానిదాంట్లో సుమారు 60 శాతం. ఆస్తి దగ్గరికొస్తే, 2022 ఫెడరల్ రిజర్వ్ సర్వేలో తెల్ల కుటుంబ మధ్యస్థ ఆస్తి 2,85,000 డాలర్లు, నల్లజాతి కుటుంబానిది 44,900 డాలర్లు. ఆరు రెట్ల పైమాటే. జీతంలో తేడా ఈ ఏడాది వివక్షని చూపిస్తే, ఆస్తిలో తేడా తాతల నాటి వివక్షని కూడా మోస్తుంది. ఆలివర్, షపీరో 1995లో గట్టిగా చెప్పింది ఇదే. ఇవాళ రాత్రికి రాత్రి అందరి మనసులూ కడిగిన ముత్యాలైనా రెండో అంకె కదలదు. మీ మొదటి ప్రశ్నకి జవాబు ఇక్కడుంది.

చిన్న తేడాలు ఎలా పోగవుతాయో కూడా లెక్క వేసి చూడండి. బడి, కాలేజీ, ఇంటర్వ్యూ, ప్రమోషన్, అప్పు అని ఐదు గడపలనుకుందాం. ఒక్కో గడప దగ్గర ఒక గుంపు నెగ్గే అవకాశం రెండోదానిలో 90 శాతం. ఏ ఒక్క గడప చూసినా 'పెద్ద తేడా ఏముందండీ' అనిపిస్తుంది. 0.9ని ఐదుసార్లు గుణిస్తే 0.59. రెండో గుంపులో చివరిదాకా నూరుమంది చేరితే మొదటి గుంపులో చేరేది 59 మందే, ఎవరి మీదా కేసు వేయలేరు.

'అన్నీ సమానం చేసి చూస్తే తేడా లేదు' అన్న వాదనతో జాగ్రత్త. 1973 నుంచి వాడుకలో ఉన్న ఓహాకా-బ్లైండర్ పద్ధతి జీతాల తేడాని రెండు ముక్కలు చేస్తుంది: చదువు, అనుభవం లాంటివాటితో వివరించగలిగినది, వివరించలేనిది. వివరించలేనిదాన్ని వివక్ష అని, వివరించగలిగినదాన్ని న్యాయమని రాసేస్తుంటారు. రెండూ తప్పే. వివరించలేనిదాంట్లో మీరు కొలవని నైపుణ్యాలూ ఉండొచ్చు. వివరించగలిగినదాంట్లో పాత వివక్ష దాక్కుని ఉంటుంది. నివాస పేటని, తండ్రి ఆస్తిని, కాలేజీ పేరుని సమీకరణంలో పెట్టి జాతి గుణకం సున్నా అయిందంటే వివక్ష లేదని కాదు, అది ఏ దారిన వచ్చిందో మీరే చూపించారని అర్థం. ఏ చలరాశి వివక్షకి ముందుది, ఏది దాని ఫలితం అని కాగితం మీద బాణాలు గీసుకున్నాకే రిగ్రెషన్ నడపండి.

గుమ్మం దగ్గరి వివక్ష ఇంకా ఉందా? ఉంది, దాన్ని కొలిచే మంచి సాధనం క్షేత్ర ప్రయోగమే. బెర్‌ట్రాండ్, ముల్లైనాథన్ (2004) బోస్టన్, షికాగోల్లో సుమారు 5,000 నకిలీ దరఖాస్తులు పంపారు. ఎమిలీ, గ్రెగ్ లాంటి తెల్లవాళ్ల పేర్లకి 9.65 శాతం, లకీషా, జమాల్ లాంటి నల్లజాతి పేర్లకి 6.45 శాతం పిలుపులొచ్చాయి. దేవా పేజర్ (2003) మిల్వాకీలో మనుషుల్నే పంపింది. వచ్చిన పిలుపులు: నేరచరిత్ర లేని తెల్లవాడికి 34, ఉన్న తెల్లవాడికి 17, లేని నల్లవాడికి 14, ఉన్న నల్లవాడికి 5 శాతం. జైలుకెళ్లొచ్చిన తెల్లవాడు ఏ నేరమూ చేయని నల్లవాడితో సమానమన్నమాట. ఉటంకించేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి: ఇద్దరు తెల్ల అభ్యర్థుల జత 150 చోట్లకి, ఇద్దరు నల్ల అభ్యర్థుల జత వేరే 200 చోట్లకి వెళ్లింది. నేరచరిత్ర పోలిక ఒకే యజమాని దగ్గర జరిగింది, జాతి పోలిక అలా జరగలేదు. 2017లో క్విలియన్ బృందం ఇలాంటి ప్రయోగాలన్నీ కలిపి చూస్తే, 1989 తర్వాత పాతికేళ్లలో నల్లజాతివాళ్ల పట్ల నియామక వివక్ష తగ్గలేదని తేలింది. వివక్ష చూపే యజమాని పోటీలో నష్టపోయి కనుమరుగవుతాడని 1957లో బెకర్ సిద్ధాంతం నుంచి ఆశించినది జరగలేదు.

మంచి ఉద్దేశంతో తెచ్చిన రూల్ కూడా తలకిందులు కావచ్చు. దరఖాస్తులో నేరచరిత్ర గడి తీసేయాలన్న నిబంధన న్యూజెర్సీ, న్యూయార్క్‌లలో వచ్చినప్పుడు అగన్, స్టార్ సుమారు 15,000 దరఖాస్తులతో ముందూ తర్వాతా కొలిచారు. ఆ గడి ఉన్న కంపెనీల్లో తెల్లవాళ్లకి అంతకుముందు 7 శాతం ఎక్కువ పిలుపులు. గడి తీసేశాక 43 శాతం ఎక్కువ. సమాచారం లేనప్పుడు యజమాని గుంపు సగటుని బట్టి ఊహించేసుకున్నాడు. గణాంక వివక్ష అని 1972లో ఆర్థికవేత్తలు ఎడ్మండ్ ఫెల్ప్స్, కెన్నెత్ ఆరో చెప్పింది దీన్నే. దీనికి ద్వేషం అక్కర్లేదు, బద్ధకం చాలు.

భారత్‌లో ఈ తరహా తొలి పెద్ద ప్రయోగం థొరట్, అటెవెల్‌లది (2007): ప్రైవేటు కంపెనీల 548 ప్రకటనలకి 4,808 దరఖాస్తులు. అగ్రకుల హిందూ పేరుతో పోలిస్తే దళిత పేరుకి అనుకూల ఫలితం వచ్చే ఆడ్స్ (వచ్చే అవకాశానికీ రాని అవకాశానికీ ఉన్న నిష్పత్తి) 0.67 రెట్లు, ముస్లిం పేరుకి 0.33 రెట్లు. అదే ఏడాది జోధ్కా, న్యూమన్ హెచ్.ఆర్. మేనేజర్లతో మాట్లాడితే అందరూ ప్రతిభ ఒక్కటే చూస్తామన్నారు, వెంటనే అభ్యర్థి 'ఫ్యామిలీ బ్యాక్‌గ్రౌండ్' అడుగుతామనీ అన్నారు. జాతి ఊసెత్తకుండానే అసమానతని సమర్థించే ధోరణిని బొనిల్లా-సిల్వా రంగుచూడని జాత్యహంకారం అని 2003లో రాశాడు, దానికి అంతకంటే మంచి ఉదాహరణ వెతకక్కర్లేదు.

ఇప్పుడు మీ అద్దె ఇళ్ల ప్రయోగం. మొదట పేర్లు. అమెరికాలో ఇంటిపేరు, మొదటి పేరు కలిపి జాతిని పట్టిస్తాయి. మనకి ఇంటిపేరు ఒక్క అక్షరమై ముందు కూర్చుంటుంది. కుమార్, రావు, బాబు అంటే కులం తెలియదు. శర్మ, రెడ్డి అంటే తెలుస్తుంది. దళితుల్ని సూచించడానికి జాన్, సామ్యూల్ లాంటి పేరు పెడితే కులమూ మతమూ కలిసిపోయి ఏది పనిచేసిందో చెప్పలేరు. ఎం.ఏ. స్థాయికి హిందూ-ముస్లిం పేర్ల పోలికే పెట్టుకోండి, కులం పోలిక తర్వాత చూడొచ్చు. ఏ పేర్లు వాడినా ముందు ఒక 50, 60 మందికి చూపించి 'ఈయన ఎవరై ఉంటారు, ఏం పని చేస్తుంటారు' అని అడగండి. ఐదింట నలుగురు గుర్తుపట్టని పేరు వద్దు. రెండో ప్రశ్న మరీ ముఖ్యం: ఒక పేరు పేదవాడి పేరుగా, ఇంకోటి డాక్టరు పేరుగా వినిపిస్తే మీరు కొలిచేది మతం కాదు, తరగతి.

ఫోన్ కంటే మెసేజ్ మేలు. ఫోన్‌లో యాస, గొంతు, తడబాటు అన్నీ కలుస్తాయి. మెసేజ్‌లో ఉద్యోగం, కుటుంబం, అడ్వాన్స్ ఇచ్చే స్తోమత రెండు పేర్లకీ ఒకటే ఉండాలి, వాక్యాలు మాత్రం కాస్త మార్చాలి, లేకపోతే ఓనరు పసిగడతాడు. ఏ పేరు ముందు వెళ్లాలో నాణెం వేసి తేల్చండి, మధ్యలో కొన్ని గంటల ఎడం ఉంచండి. ఒకే పేరు ఎప్పుడూ రెండోదిగా వెళ్తే నిజంగానే ఇల్లు అద్దెకి పోయిన కేసులు వివక్షలా కనబడతాయి. బ్రోకరు పెట్టిన ప్రకటనలని, ఓనరు పెట్టినవాటిని విడిగా గుర్తుపెట్టుకోండి. మెర్టన్ రెండో గడి దొరికేది బ్రోకర్ల దగ్గరే. జవాబుల్ని 'లేదు/అవును' అని రెండుగా కుదించకండి: జవాబు లేదు, ఇచ్చేశాం, వెజిటేరియన్లకే, ముందు వివరాలు చెప్పండి, అద్దె పెంచి చెప్పారు, చూడ్డానికి రండి. ఈ కోడింగ్ చేసే మనిషికి ఏ జవాబు ఏ పేరుకి వచ్చిందో తెలియకూడదు.

సంఖ్య దగ్గర చాలామంది పడిపోతారు. పిలుపు రేట్లు 10, 6.5 శాతం లాంటివైతే, విడివిడి గుంపుల్లో 80 శాతం పవర్‌తో (నిజంగా తేడా ఉంటే అది బయటపడే అవకాశం) తేడా పట్టుకోవాలంటే ఒక్కో పేరుకి సుమారు 970 మెసేజ్‌లు కావాలి. 30, 20 శాతం అయితే 290 చాలు. అద్దె ఇళ్లలో జవాబుల రేటు ఉద్యోగాల కంటే ఎక్కువే ఉంటుంది కాబట్టి రెండో అంకెకి దగ్గరగా ప్లాన్ చేసుకోండి. ముందు ఓ 40 ప్రకటనలతో పైలట్ చేసి రేటు చూసుకోండి. ఒకే ఓనరుకి రెండు పేర్లూ పంపితే మామూలు కై-స్క్వేర్ వాడకూడదు, జంట జవాబులని పోల్చే మెక్‌నెమార్ పరీక్ష వాడాలి. ఊహకి ఒక లెక్క: 300 మంది ఓనర్లలో ఒక పేరుకే అవునన్నవాళ్లు 48, రెండో పేరుకే అవునన్నవాళ్లు 21. తేడా 27 వర్గాన్ని 69తో భాగిస్తే 10.6 వస్తుంది. తేడా కాకతాళీయం కాదనడానికి (5 శాతం స్థాయిలో) 3.84 దాటితే చాలు కాబట్టి ఇది గట్టి ఫలితమే. నికర వివక్ష 27/300, అంటే 9 శాతం. 48/300 తీసుకుని 16 శాతం అని రాస్తే పరీక్షకుడు వదలడు, ఆ 21 మంది సంగతేంటని అడుగుతాడు.

ఇద్దరికీ కాదన్న ఓనర్లు, ఇద్దరికీ జవాబివ్వని ఓనర్లు 'వివక్ష లేనివాళ్లు' కారు, వాళ్ల గురించి మీకేమీ తెలియలేదంతే. ఇంకా, ప్రకటన దాకా రాకుండా చుట్టాలకీ స్నేహితులకీ వెళ్లిపోయే ఇళ్లు మీ నమూనాలోనే లేవు. ఆ నోటిమాట దారి కూడా వివక్షే కావచ్చు, మీ సాధనానికి అది అందదు. పరిమితులన్న అధ్యాయంలో ఈ రెండూ రాయండి.

మెసేజ్‌లు పంపే ముందు గైడ్‌తో పాటు డిపార్ట్‌మెంట్ నైతిక అనుమతి రాతలో తీసుకోండి. జవాబు రాగానే 'వేరే ఇల్లు దొరికింది, థ్యాంక్సండీ' అని అదే రోజు మర్యాదగా తప్పుకోండి, ఓనర్ని ఇంటి దగ్గర కాపలా కూర్చోబెట్టకండి. ఫోన్ నంబర్లు, అపార్ట్‌మెంట్ పేర్లు డేటా షీట్‌లోంచి తీసేసి కోడ్ నంబర్లే ఉంచండి. సిద్ధాంత అధ్యాయంలో మెర్టన్, బ్లూమర్, గణాంక వివక్ష, ఈ మూడు చాలు. బ్రోకరు-ఓనరు తేడా మొదటిదానికి పరీక్ష. ముస్లింలు బాగా పెరుగుతున్న పేటల్లో తిరస్కారం ఎక్కువుందా అన్నది రెండోదానికి. మెసేజ్‌లో ఉద్యోగ వివరాలు జోడిస్తే తేడా తగ్గుతుందా అన్నది మూడోదానికి. ఆ వివరాలున్న మెసేజ్, లేని మెసేజ్ రెండు రకాలూ కలిపి పంపితే సంఖ్య రెట్టింపు కావాలి, టైమ్ లేకపోతే మూడోది వదిలేయండి.